మా పని పళ్ళ వరకేనా?

1949 ఆగస్టు 12న జెనీవాలో యుద్ధ నియమాల మీద సంతకాలు జరిగాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్ళే. కోట్లమంది పోయారు, నగరాలు నేలమట్టమయ్యాయి, సగం యూరప్ ఇంకా రేషన్ కార్డుల మీదే బతుకుతోంది. ఆనాడు కుదిరిన నాలుగు ఒప్పందాల్లో మూడోది యుద్ధఖైదీల గురించి. దాని 30వ అధికరణంలో ఒక చిన్న మాట ఉంది. ఖైదీకి వైద్యం చేయించే ఖర్చు అతన్ని పట్టుకున్న దేశమే భరించాలి, ఆ ఖర్చులో కట్టుడు పళ్ళు, కళ్ళద్దాలు కూడా చేరతాయి. నాలుగో ఒప్పందం 91వ అధికరణం నిర్బంధంలో ఉన్న మామూలు జనానికి కూడా ఇదే హామీ ఇచ్చింది. కట్టుడు పళ్ళు కావలసినవాళ్ళకి ఉచితంగా పెట్టించాలి.

నేను ఖమ్మంలో పళ్ళ డాక్టర్ని. ఆ 30వ అధికరణం దగ్గరికి వచ్చేసరికి నా చదువు ప్రతిసారీ ఆగిపోతుంది. ఈ కట్టుడు పళ్ళ సంగతి ఎవరు గుర్తుపెట్టుకుని రాయించి ఉంటారు? ఖైదీల శిబిరంలో పెట్టేది గట్టి రొట్టె, ఉడికీ ఉడకని దుంప. పళ్ళున్నవాడు ఎలాగో నమిలి మింగి రేపటిదాకా నిలబడతాడు. తుపాకీ మడమ దెబ్బకి పళ్ళు రాలినవాడు తన రొట్టె పక్కవాడికి ఇచ్చేసి చారునీళ్ళతో సరిపెట్టుకుంటాడు, కొన్నాళ్ళకి పడక మీంచి లేవడు. అలాంటి శిబిరాన్ని కళ్ళారా చూసినవాళ్ళెవరో ఆ గదిలో ఉండి ఉంటారని నా నమ్మకం. సరిహద్దుల గురించీ సార్వభౌమాధికారాల గురించీ వాదించుకున్న చోట, ముసలి ఖైదీ నోట్లో పళ్ళున్నాయా అని అడిగిన మనిషి ఒకరున్నారు.

మా వృత్తిలో ఉన్నవాళ్ళం ఆ ప్రశ్న తరచుగా మరిచిపోతాం. యుద్ధం, శరణార్థులు, ముట్టడిలో చిక్కిన ఊళ్ళు అనే మాట ఎత్తగానే దంతవైద్యుల దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. "మా పని పళ్ళ వరకే కదా." కాన్ఫరెన్సుల్లో విన్నాను, కాలేజీ స్టాఫ్ రూముల్లో విన్నాను. అనేవాళ్ళు రాతిగుండెవాళ్ళు కారు. ఆ మాట వెనక మన దగ్గర ఒక పెంపకం ఉంది. ఒకప్పుడు ఎంసెట్‌లో, ఇప్పుడు నీట్‌లో ర్యాంకు కాస్త వెనక్కి పోతే బీడీఎస్. సంబంధం మాట్లాడేటప్పుడు "అమ్మాయి డాక్టరా" అని సంబరంగా అడిగి, "ఓహో, డెంటలా" అని గొంతు తగ్గించే చుట్టాలు. అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ, సర్జరీ అన్నీ చదివి పాసై వచ్చినా సరే, చివరికి "పంటి డాక్టరే కదా" అంటారు. పదిమందీ చిన్నదంటే మనకీ చిన్నదిగానే తోస్తుంది. బాధ్యతను కూడా ఆ కొలతకే కత్తిరించుకుంటాం. ఈ మాటతోనే నాకు పేచీ. ఎందుకంటే చరిత్రలో దీన్ని రెండు పనులకి వాడుకున్నారు. ఆపదలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళకుండా తప్పుకోవడానికి వాడారు, ఘోరంలో చేయి కలపడానికీ వాడారు.

సైన్యాలు పళ్ళ విలువ దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాయి. 1899లో దక్షిణాఫ్రికాలో మొదలైన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సిపాయికి ఇచ్చిన తిండి రాయిలాంటి బిస్కట్టు. పిప్పిపళ్ళతో దాన్ని కొరకలేక ఆసుపత్రి పాలైనవాళ్ళు వేలల్లో ఉన్నారు. లండన్ గైస్ ఆసుపత్రి దంతవైద్యుడు న్యూలాండ్-పెడ్లీ తనంతట తానే అక్కడికి వెళ్ళి సిపాయిలకి వైద్యం చేశాడు. అయినా 1914లో ఫ్రాన్స్‌కి వెళ్ళిన బ్రిటిష్ సేన వెంట దంతవైద్యుడు లేడు. ఆ అక్టోబరులో జనరల్ డగ్లస్ హేగ్‌కి భరించలేని పంటినొప్పి వచ్చి, పారిస్ నుంచి డాక్టర్ని పిలిపించాల్సి వచ్చింది. ఆ తర్వాతే లండన్‌కి కబురు వెళ్ళి పన్నెండుమంది వచ్చారని చెబుతారు. యుద్ధం ముగిసేసరికి వాళ్ళ సంఖ్య ఎనిమిది వందలు దాటింది. వేల సిపాయిల నొప్పికి కదలని కాగితం ఒక సేనాపతి నొప్పికి కదిలింది.

కందకాల యుద్ధంలో తల పైకెత్తినవాడికి గుండు ముఖానికే తగిలేది. దవడ పగిలిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే, పట్టు తప్పిన నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుపోతుంది. ముందుకు వంగేలా కూర్చోబెట్టి తీసుకురావాలి. ఇది తెలియక స్ట్రెచర్ మీద వెల్లకిలా మోసుకొస్తుంటే దారిలోనే ఊపిరాడక పోయినవాళ్ళు ఎందరో. పారిస్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన దంతవైద్యుడు షార్ల్ వలాడియే, తన రోల్స్‌రాయిస్ కారులో పళ్ళ కుర్చీ బిగించుకుని యుద్ధరంగం వెనక తిరిగాడు. తర్వాత బులోన్ దగ్గర విమరూలో దవడ గాయాలకి ప్రత్యేకంగా వార్డు నడిపాడు. 1915లో హెరాల్డ్ గిల్లీస్ అనే చెవి, ముక్కు, గొంతు సర్జన్ అక్కడ అతని పని చూసి, ఇక తన జీవితం ఇదే అనుకున్నాడు. 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో ఆ పనికోసమే ఆసుపత్రి తెరిచారు. ముఖాలు పోగొట్టుకున్న ఐదు వేలమందికి పైగా అక్కడ వైద్యం పొందారు. ప్లాస్టిక్ సర్జరీ చరిత్రలో గిల్లీస్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఉండాలి కూడా. కానీ లోపల దవడ ఎముకని నిలబెట్టకుండా పైన చర్మం కప్పితే ముఖం ముడుచుకుపోతుంది. ఎముకని నిలబెట్టే విద్య పళ్ళకి తీగలు కట్టడం, అచ్చులు తీయడం, తొడుగులు చేయడం తెలిసినవాళ్ళ చేతుల్లో ఉంది.

ఆ తరంలో నన్ను వదలనివాడు వరాజ్‌తాద్ కజాంజియన్. ఆర్మీనియన్. 1879లో ఆటోమన్ సామ్రాజ్యంలోని ఎర్జింజాన్‌లో పుట్టాడు. 1895లో, ఆర్మీనియన్ల మీద ఊచకోతలు సాగుతున్న కాలంలో, పదహారేళ్ళ కుర్రాడిగా అమెరికా చేరాడు. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో తీగలు లాగే కర్మాగారంలో కూలి. రాత్రిళ్ళు చదువుకున్నాడు. హార్వర్డ్ దంతవైద్య కళాశాలలో చేరి 1905లో పట్టా పుచ్చుకున్నాడు. ఇనప తీగని వంచడం నేర్చిన ఆ చేతులే తర్వాత విరిగిన దవడలని తీగలతో కట్టాయి. 1915లో హార్వర్డ్ వైద్య బృందంతో ఫ్రాన్స్ తీరంలోని కామియే దగ్గర బ్రిటిష్ ఆసుపత్రికి వెళ్ళాడు. కొద్ది నెలల కోసం వెళ్ళినవాడు 1919 దాకా తిరిగి రాలేదు. ముక్కూ దవడా పోయిన మనిషికి ముందు లోపల రబ్బరుతో, లోహంతో ఒక ఆధారం చేసి పెట్టి, దాని మీద కండ మానేలా చేసేవాడు. పశ్చిమ రంగపు అద్భుత వైద్యుడని పేరొచ్చింది. బ్రిటిష్ రాజు బిరుదిచ్చాడు. ఇంటికి వచ్చాక మళ్ళీ విద్యార్థిగా చేరి 1921లో వైద్య పట్టా కూడా తీసుకున్నాడు, హార్వర్డ్‌లో ప్లాస్టిక్ సర్జరీకి మొదటి ప్రొఫెసరయ్యాడు.

తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే గుండె పట్టేస్తుంది. అతను కామియేలో పని మొదలుపెట్టిన ఆ 1915 వేసవిలోనే, పుట్టిన ఊరు ఎర్జింజాన్‌లోని ఆర్మీనియన్లని ఇళ్ళలోంచి తోలుకుపోయి కెమా లోయలో చంపి యూఫ్రటీస్ నదిలో పడేశారు. తన ఊరివాళ్ళని కాపాడటానికి అతని చేతిలో ఏ దారీ లేదు. తనకి ఏమీ కాని ఇంగ్లిష్, స్కాటిష్ కుర్రాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే అతికిస్తూ నాలుగేళ్ళు ఉండిపోయాడు. ఆ రోజుల్లో అతని మనసులో ఏముండేదో ఊహించి రాసే సాహసం నేను చేయను. కానీ "నా పని పళ్ళ వరకే" అనుకున్న మనిషైతే, బోస్టన్‌లో మంచి ప్రాక్టీసు వదిలి వెళ్ళేవాడు కాడు, వెళ్ళినా ఒప్పుకున్న గడువు తీరగానే ఓడెక్కేవాడు.

ఇది మేం గర్వంగా చెప్పుకునే చరిత్ర. రెండో చరిత్రా మాదే.

1940 సెప్టెంబరు 23న నాజీ ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ ఒక ఆదేశం ఇచ్చాడు. నిర్బంధ శిబిరాల్లో చనిపోయినవాళ్ళ నోళ్ళలోంచి బంగారు పళ్ళు ఊడదీయాలి. తర్వాత గ్యాస్ గదుల నుంచి బయటికి లాగిన శవాలన్నిటికీ ఇదే జరిగింది. ఆ పని ఖైదీల చేత చేయించారు. కరిగించిన బంగారం జర్మనీ రిజర్వు బ్యాంకుకి చేరింది. ఈ వ్యవస్థకి లెక్కలు రాసినవాళ్ళూ, రసీదులు ఇచ్చినవాళ్ళూ, పైనుంచి అజమాయిషీ చేసినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో పట్టభద్రులైన దంతవైద్యులూ ఉన్నారు. శిబిరాల దంతవైద్యులందరికీ పైఅధికారిగా ఉన్న హెర్మన్ పూక్‌కి 1947లో నూరెంబర్గ్‌లో పదేళ్ళ శిక్ష పడింది. ఆష్విట్జ్‌లో ఎస్ఎస్ దంతవైద్య కేంద్రానికి అధిపతి విల్లీ ఫ్రాంక్. రైలు దిగినవాళ్ళలో ఎవరిని పనికి పంపాలో, ఎవరిని గ్యాస్ గదికి పంపాలో ఏరే పనిలో పాల్గొన్నందుకు 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు అతనికి ఏడేళ్ళు వేసింది. పళ్ళు చూడటం నేర్చుకున్న మనిషి రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ పని ఎలా చేయగలిగాడు? పెద్ద యంత్రంలో నా భాగం ఇంతే, మిగతాది నా పరిధి కాదు అని అనుకోగలిగితేనే అది సాధ్యం. మా వినయపు మాటకీ ఆ మాటకీ ఎంత దగ్గర చుట్టరికం ఉందో చూస్తే నాకు భయం వేస్తుంది.

అదే ఆష్విట్జ్ శిబిరాల్లో ఇంకో దంతవైద్యుడు ఉన్నాడు. బెంజమిన్ జేకబ్స్. పోలండ్‌లోని చిన్న ఊళ్ళో పుట్టిన యూదుడు, దంతవైద్యంలో ఇంకా మొదటి ఏడాది చదువు. 1941లో కూలి శిబిరానికి పట్టుకుపోతుంటే, నీ పనిముట్లు వెంట తీసుకెళ్ళు నాయనా అని తల్లి పట్టుబట్టింది. ఆ చిన్న పెట్టెతోనే తోటి ఖైదీల చిగుళ్ళు కడిగాడు, నొప్పి పళ్ళు పీకాడు. ఆ పెట్టె వల్లే అతను బతికాడు. చివరికి ఆ పెట్టెలోని పనిముట్లతోనే, చనిపోయిన తోటివాళ్ళ నోళ్ళలోంచి బంగారం తీయమని ఎస్ఎస్ వాళ్ళు ఆజ్ఞాపించారు. తీశాడు. యుద్ధం అయిపోయి చాలా ఏళ్ళు గడిచాక, 1995లో వెలువడిన తన పుస్తకంలో ఆ సంగతి దాచకుండా రాశాడు. తుపాకీ నీడలో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తూచే త్రాసు నా దగ్గర లేదు. త్రాసు ఫ్రాంక్ లాంటివాళ్ళ కోసం ఉంది. వాళ్ళకి జీతం ఉంది, హోదా ఉంది, కాదనే దారీ ఉంది.

ఇక మన కాలానికి వస్తాను. మదాయా అనే ఊరు సిరియాలో ఉంది, డమాస్కస్‌కి వాయవ్యంగా, లెబనాన్ సరిహద్దు దగ్గర కొండల్లో. 2015 జులైలో ప్రభుత్వ సేనలూ హిజ్బుల్లా దళాలూ దాన్ని చుట్టుముట్టాయి. చుట్టూ మందుపాతరలు పాతారు. నలభై వేలమంది లోపల చిక్కారని ఐక్యరాజ్యసమితి లెక్క. శీతాకాలం వచ్చేసరికి జనం ఆకులు ఉడకబెట్టుకుని తిన్నారు. సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ సాయంతో నడిచే ఆరోగ్య కేంద్రంలో డిసెంబరు నుంచి ఆకలితోనే ఇరవైముగ్గురు చనిపోయారని 2016 జనవరి మొదట్లో ఆ సంస్థ ప్రకటించింది. పసిపిల్లలకి పంచదార అందించడానికి మందుల సిరప్‌లు పట్టించారు, అంతకు మించి వాళ్ళ దగ్గర ఏమీ లేదు.

ఆ ఊళ్ళో వైద్యం చేసిందెవరు? సర్జన్ లేడు. వైద్యం బాధ్యత చివరికి ఇద్దరు దంతవైద్య విద్యార్థుల మీదా ఒక పశువుల డాక్టరు మీదా పడింది. ఆ విద్యార్థుల చదువు ఇంకా పూర్తి కాలేదు. మందుపాతర మీద కాలు పెట్టినవాళ్ళు వాళ్ళ దగ్గరికే వచ్చారు, కాళ్ళు తీసేయాల్సి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి పురుడు కష్టమైన తల్లులూ వాళ్ళ దగ్గరికే వచ్చారు. ఫోన్లో దూరదేశాల సర్జన్లని అడుగుతూ, చెప్పినట్టు కోస్తూ, కుడుతూ పనిచేశారు. "మా పని పళ్ళ వరకే" అని వాళ్ళు అనుంటే, ఆ తల్లులకి వేరే గుమ్మం లేదు.

దీన్ని చూపించి, ప్రతి దంతవైద్యుడూ అన్ని ఆపరేషన్లూ చేయవచ్చని నేను అనడం లేదు. తెలియని పనిలో చేయి పెట్టకూడదన్నది మా చదువులో మొదటి పాఠం, అది నిజం. ఖమ్మంలో నేను కడుపు కోస్తే నన్ను జైల్లో పెట్టాలి. కానీ ఆ నియమం రోగిని కాపాడటానికి పుట్టింది. పక్క వీధిలో సర్జన్ ఉన్నప్పుడు దాని అర్థం ఒకటి, చుట్టూ మందుపాతరలే ఉన్నప్పుడు మరొకటి. మదాయా విద్యార్థులు తమకి రాదని తెలుసుకునే పనిచేశారు. అందుకే ప్రతి అడుగుకీ ఎవరినో ఒకరిని అడిగారు. ప్రపంచ వైద్య సంఘం 1956లోనే చెప్పింది, యుద్ధకాలపు వైద్యనీతి శాంతికాలపు వైద్యనీతి కంటే వేరు కాదని. రోగికి ఏది మేలు అన్న ప్రశ్న మారదు, దానికి జవాబు మాత్రం నిలబడ్డ చోటుని బట్టి కఠినమవుతుంది.

పంటినొప్పి చిన్న జబ్బు అనుకునేవాళ్ళకి ఒక్క మాట. కింది దవడ వెనక పన్నులో పట్టిన చీము మెడలోకి దిగితే నాలుక కింద భాగం ఉబ్బి గాలి దారి మూసుకుపోతుంది. మన ఊళ్ళలో యాంటీబయాటిక్ మాత్రలూ ఒక చిన్న కోతా ఆ ప్రమాదాన్ని తప్పిస్తాయి. మందుల లారీ ఆగిపోయిన ఊళ్ళో అదే పన్ను మనిషిని చంపేస్తుంది. ఇక ఆకలి మొదట కనబడేచోట్లలో నోరు ఒకటి. నోమా అనే జబ్బు ఉంది. తిండి లేక శరీరం చిక్కిపోయిన రెండు నుంచి ఆరేళ్ళ పిల్లలకి, తరచుగా తట్టు లాంటి జబ్బు సోకాక, చిగురు మీద పుండుగా మొదలవుతుంది. రోజుల్లోనే బుగ్గని, దవడని తినేస్తుంది. వైద్యం అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది దాకా పోతారు. మొదట్లోనే చూసి మందిస్తే, నోరు కడిగితే, తిండి పెడితే ఆగిపోతుంది. యూరప్ దీన్ని మరిచిపోయిన చాలా కాలానికి ఆష్విట్జ్‌లోని రోమా కుటుంబాల శిబిరంలో పిల్లలకి మళ్ళీ కనబడింది. దాని వెనక మనుషులే పెట్టిన ఆకలి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో గానీ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చలేదు. ఆ తొలి పుండుని గుర్తుపట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పిల్ల పెదవి ఎత్తి చూసే మనిషి కావాలి, చూసింది చెప్పే మనిషి కావాలి.

కాదనడం కూడా మా బాధ్యతే. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుర్రాడు తనకి పదహారేళ్ళంటాడు. కాగితాలు లేవు. నిజంగా పిల్లవాడేనా అని తేల్చడానికి జ్ఞానదంతాల ఎక్స్‌రే తీయమని ప్రభుత్వాలు అడుగుతాయి. 2016లో ఫ్రాన్స్‌లోని కలే శరణార్థుల శిబిరం నుంచి పిల్లలని తెచ్చుకున్నప్పుడు ఇంగ్లండ్‌లో ఈ మాట గట్టిగా లేచింది. బ్రిటిష్ దంతవైద్య సంఘం అది అశాస్త్రీయం, అనైతికం అని ఎదురు చెప్పింది. జ్ఞానదంతం ఒకరికి పదిహేడేళ్ళకి ఎదుగుతుంది, ఇంకొకరికి ఇరవై దాటాక, కొందరికి అసలే రాదు. ఏళ్ళ తేడా చూపించే కొలతతో ఒక పిల్లవాడి బతుకుని అటో ఇటో నెట్టడం, వైద్యానికి అక్కర్లేని కిరణాలు అతని మీదికి పంపడం తప్పు. ఆ సంఘం అప్పుడు తీసుకున్న వైఖరి అంటే నాకు గౌరవం. ఎక్స్‌రే తీయడం మా పని వరకే కదా, నిర్ణయం అధికారులది కదా అని వాళ్ళు తప్పుకోవచ్చు. తప్పుకోలేదు.

చిత్రహింసల విషయంలోనూ అంతే. పళ్ళు ఊడగొట్టడం, దవడ విరగ్గొట్టడం పాత పద్ధతులు. హింసకి గురైనవాళ్ళని ఎలా పరీక్షించాలి, ఏమని రాయాలి అని చెప్పే ఇస్తాంబుల్ ప్రోటోకాల్, 1999లో తయారై 2022లో సవరించినది, నోటికీ పళ్ళకీ కూడా చోటిచ్చింది. మన బీడీఎస్ విద్యార్థుల్లో ఎంతమంది దాని పేరు విన్నారు?

యుద్ధం అనగానే మనకి విమానాలెక్కి వెళ్ళే దేశాలు గుర్తొస్తాయి. భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్ళండి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో సల్వాజుడుం అనే మావోయిస్టు వ్యతిరేక సాయుధ ఉద్యమం మొదలయ్యాక, మావోయిస్టులకీ ప్రభుత్వ దళాలకీ మధ్య నలిగి, ఊళ్ళు కాలిపోయి, రాష్ట్ర సరిహద్దు ఇవతలి అడవుల్లోకి వచ్చినవాళ్ళున్నారు. మనం గుత్తికోయలంటాం. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తీర్పు చెప్పింది. వచ్చినవాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు, గిరిజన ధ్రువపత్రం లేకుండా, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియకుండా. ఆ వైపు పెట్టిన ఒక వైద్య శిబిరంలో ఒకావిడ బుగ్గ ఉబ్బిన కొడుకుని తీసుకొచ్చింది. కన్ను మూసుకుపోయేంత వాపు. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి సగమే అర్థమవుతుంది. పక్కనున్న కోయ ఆశా కార్యకర్త మధ్యలో మాట కలిపింది.

"ఎన్ని రోజుల నుంచి ఉంది ఇది?"

"చానా రోజులైందంట డాక్టరమ్మా. ఆకు పసరు పెట్టిండ్రంట."

"దవాఖానకి ఎందుకు తీసుకుపోలేదు?"

ఆవిడ తల దించుకుంది. ఆశా కార్యకర్తే చెప్పింది. "కార్డు అడుగుతరని బుగులు డాక్టరమ్మా. ఏ ఊరు అంటరు. ఊరు పేరు చెప్పాలంటే బుగులు."

చీము తీసి, మందులిచ్చి, వాపు తగ్గాక పన్ను పీకాం. పిల్లవాడు బాగున్నాడు. నన్ను వేధించింది ఆ సమాధానం. అప్పటినుంచి ఆ శిబిరాల్లో ఊరి పేరు అడగడం మానేశాం. పేరు, వయసు, ఏ పన్ను, ఏ మందు. వైద్యానికి అక్కర్లేనిది కాగితం మీద ఉండదు. హైదరాబాద్ బాలాపూర్‌లో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. నగరంలో గల్లీకో డెంటల్ క్లినిక్ ఉంది. వాళ్ళ పిల్లల పెదవి ఎత్తి చూసినవాళ్ళు ఎందరున్నారో లెక్కపెట్టుకోవాల్సింది మేమే. వాళ్ళు ఇక్కడ ఉండాలా వద్దా అన్న వాదన ఎవరు ఎలా చేసుకున్నా, నొప్పితో వచ్చినవాడి నోరు చూసే ముందు ఆ వాదన తేలనక్కర్లేదు.

ఒక పెద్దాయన, నాకు గురువులాంటివారు, ఓసారి అన్నారు. "రాజకీయాలు మనకెందుకమ్మా? ఎవరి పక్షాన మాట్లాడినా ఇంకొకరికి కోపం." ఆయన మాటలో అనుభవం ఉంది. కానీ నేను చూసినంతలో ఏ పక్షమూ వద్దనేవాళ్ళు కొన్ని యుద్ధాల్లో గట్టిగా మాట్లాడతారు, కొన్ని యుద్ధాల్లో నోరు మెదపరు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసినప్పుడు పాశ్చాత్య వైద్య సంఘాలు వెంటనే ఖండించాయి. అది సరైన పని. 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన హత్యల తర్వాత, గుర్తుపట్టలేకుండా కాలిపోయినవాళ్ళ పేర్లు కుటుంబాలకి తిరిగి ఇవ్వడానికి ఇజ్రాయెల్ దంతవైద్యులు పళ్ళ ఎక్స్‌రేలు ముందేసుకుని రాత్రింబవళ్ళు కూర్చున్నారు. అదీ మా వృత్తి చేయాల్సిన పనే. ఆ తర్వాత గాజాలో ఆసుపత్రులు కూలాయి, విశ్వవిద్యాలయాలు కూలాయి, దంతవైద్యం నేర్పే తరగతి గదులూ వాటితో పోయాయి. 2025 ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు ఉందని ఐక్యరాజ్యసమితి అండతో పనిచేసే నిపుణుల బృందం నిర్ధారించింది. ఇక్కడికి వచ్చేసరికి అనేక సంఘాల మాట సన్నబడింది. సూడాన్ యుద్ధం గురించైతే మాటే లేదు. ఏ దేశం తప్పు ఎంత అని తీర్పు చెప్పమని నేను సంఘాలని అడగడం లేదు. ఆసుపత్రి మీద దాడి ఎవరు చేసినా తప్పని భద్రతా మండలి 2016 మే 3న 2286వ తీర్మానంలో చెప్పింది. ఆ ఒక్క కొలత పట్టుకుని అన్ని చోట్లా ఒకే గొంతుతో మాట్లాడితే చాలు. రోగి ఏ పక్షమో అడగకుండా వైద్యం చేస్తామని ప్రమాణం చేసినవాళ్ళం, చనిపోయినవాళ్ళు ఏ పక్షమో చూసి గొంతు ఎందుకు మార్చుకోవాలి?

మన దేశంలో మూడు వందలకి పైగా దంతవైద్య కళాశాలలు ఉన్నాయి, ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవంటారు. వాటిలో బాంబులకి కాలేజీ పోగొట్టుకున్న విద్యార్థికి ఒక సీటు ఇవ్వలేమా? ఉక్రెయిన్ నుంచి 2022లో చదువు మధ్యలో వదిలి తిరిగొచ్చిన మన తెలుగు వైద్య విద్యార్థులు కాలేజీ పోతే ఎలా ఉంటుందో చెబుతారు, వాళ్ళని అడగండి. నోమా తొలి పుండు ఎలా ఉంటుందో, దవడ పగిలిన మనిషిని ఎలా కూర్చోబెట్టాలో, చిత్రహింస గుర్తులు ఎలా రాయాలో, ఏ ఆదేశానికి సంతకం పెట్టకూడదో ఇంటర్న్‌షిప్‌లో నేర్పలేమా? యుద్ధానికి విమానమెక్కి వెళ్ళడం అందరి వల్లా కాదు, అందరూ వెళ్ళనక్కర్లేదు. అక్కడ ఏ సంస్థ పిలవకుండా వెళ్ళేవాళ్ళు ఆకలితో ఉన్న ఊళ్ళో ఇంకో తినే నోరవుతారు. వెళ్ళగలిగినవాళ్ళు శిక్షణ తీసుకుని వెళ్ళాలి, మిగతావాళ్ళకి ఇక్కడే చేతినిండా పని ఉంది.

మా సంఘం ఏటా పెట్టే రాష్ట్ర సమావేశంలో ఇంప్లాంట్లకి ఒక పూట, క్లినిక్ ప్రచారానికి ఒక పూట ఉంటాయి. ఈసారి ఒక గంట దీనికి ఇవ్వమని ఉత్తరం రాశాను. మదాయా విద్యార్థుల గురించి, పూక్ గురించి, ఆ 30వ అధికరణం గురించి నేనే మాట్లాడతాను. వినడానికి వచ్చేవాళ్ళలో చర్ల శిబిరానికి రాదలచుకున్నవాళ్ళ పేర్లు, ఏ ఆదివారం వీలవుతుందో, అక్కడికక్కడే రాసుకుంటాను.